కడుపు క్యాన్సర్‌కు చైనా మూలికలు: పరీక్షకు నిలిచినవేవి?

చైనా తూర్పు తీరంలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో లిన్‌చూ అనే గ్రామీణ ప్రాంతం ఉంది. ఆ దేశంలో కడుపు క్యాన్సర్ బాగా ఎక్కువగా కనిపించే చోట్లలో అదొకటి. పులియబెట్టిన పిండితో వేసే పుల్లటి అట్లు అక్కడివాళ్ల రోజువారీ తిండి. 1980ల్లో పరిశోధకులు ఊళ్లు తిరిగి ఎవరు ఏం తింటున్నారో రాసుకున్నారు. ఆ పుల్లట్లు ఎక్కువగా తినేవాళ్లలో జబ్బు ఎక్కువగా కనిపించింది. ఉల్లి, వెల్లుల్లి బాగా తినేవాళ్లలో తక్కువగా కనిపించింది. 564 మంది రోగులను, 1,131 మంది జబ్బు లేనివాళ్లను పక్కపక్కన పెట్టి చూసిన ఆ లెక్క 1989లో అచ్చయింది. అదే రాష్ట్రంలో వెల్లుల్లి విస్తారంగా పండే చాంగ్‌షాన్ ప్రాంతంలో కడుపు క్యాన్సర్ మరణాలు తక్కువన్న సంగతీ తెలిసిందే. చైనా సంప్రదాయ వైద్యంలో వెల్లుల్లి తరతరాలుగా మందు.

వాట్సాప్‌లో తిరిగే సలహాకు ఈపాటి సమాచారం చాలు. లిన్‌చూ పరిశోధకులకు చాలలేదు. వెల్లుల్లి తినేవాళ్లు మిగతా కూరగాయలు కూడా ఎక్కువ తింటుండవచ్చు, ఉప్పులో ఊరబెట్టినవి తక్కువ తింటుండవచ్చు. తేడా వెల్లుల్లిదా, మనిషిదా అన్నది సర్వేతో తేలదు. అందుకే 1995లో వాళ్లు 13 ఊళ్ల నుంచి 3,365 మందిని తీసుకుని, ఎవరికి ఏ మందు పడాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కొందరికి హెలికోబాక్టర్ పైలోరీ అనే కడుపు బ్యాక్టీరియాను చంపడానికి 2 వారాల పాటు అమాక్సిసిలిన్, ఒమెప్రజోల్ ఇచ్చారు. కొందరికి 7 ఏళ్లకు పైగా వెల్లుల్లి సారం, వెల్లుల్లి నూనె ఉన్న క్యాప్సూల్స్ ఇచ్చారు. కొందరికి అంతే కాలం విటమిన్ సి, ఇ, సెలీనియం మాత్రలు ఇచ్చారు. ప్రతి మందుకూ జోడీగా చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఉంది. ఎవరు ఏది మింగుతున్నారో మింగేవాళ్లకూ తెలియదు, ఎండోస్కోపీ చేసేవాళ్లకూ తెలియదు.

క్యాప్సూల్స్ కోర్సు ముగిశాక చూస్తే వెల్లుల్లి వల్ల కడుపు లోపలి పొరలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. 2006లో ఆ ఫలితం అచ్చయినప్పుడు కథ అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. పరిశోధకులు మాత్రం ఆ ఊళ్లను వదల్లేదు. మొత్తం 22 ఏళ్ల లెక్క 2019లో వచ్చింది. అప్పటికి 151 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది, 94 మంది దానితో చనిపోయారు. ఎప్పుడో 1995లో 2 వారాలు వేసుకున్న యాంటీబయాటిక్ కోర్సు, జబ్బు వచ్చే అవకాశాన్ని దాదాపు సగానికి తగ్గించింది. విటమిన్లు కూడా జబ్బును తగ్గించాయి. వెల్లుల్లి విషయంలో జబ్బు రావడం కొంత తగ్గినట్టు కనిపించినా అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత తేడా కాదు. మరణాలు మాత్రం మూడో వంతు మేర తగ్గాయి.

సంప్రదాయ మందును ఆధునిక విజ్ఞానంతో పరీక్షించడం అంటే ఏమిటో ఈ ఒక్క ట్రయల్ చెప్పినంత బాగా మరే ప్రయోగశాలా చెప్పదు. ఇందులో ఖరీదైన యంత్రాల పాత్ర తక్కువ. "లేదు" అన్న జవాబు వచ్చే వీలున్న ప్రశ్న అడిగారు, ఆ జవాబు వచ్చినప్పుడు దాచుకోకుండా అచ్చేశారు, ఆపైన మరో పదమూడేళ్లు ఓపిక పట్టారు. ఈ రంగంలో జరుగుతున్న పనిలో ఎక్కువ భాగానికి కొరవడింది సరిగ్గా ఇవే.

జబ్బు తీరు తెలియకపోతే ఆ ఓపిక ఎందుకో అర్థం కాదు. కడుపు క్యాన్సర్‌లో ఎక్కువ రకం రాత్రికి రాత్రి పుట్టదు. ముందు కడుపు పొరకు దీర్ఘకాలిక వాపు వస్తుంది. దానికి ముఖ్య కారణం హెలికోబాక్టర్. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దాన్ని బయటపెట్టారు, 2005లో నోబెల్ అందుకున్నారు. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ బ్యాక్టీరియాను ఖచ్చితమైన క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వాపు ఏళ్ల తరబడి ఉంటే గ్రంథులు నశించి పొర పలచబడుతుంది. తర్వాత కడుపు పొర పేగు పొరలా మారడం మొదలవుతుంది. ఆ తర్వాత కణాల ఆకారం చెడుతుంది, చివరికి క్యాన్సర్. కొలంబియా దేశస్థుడైన పెలాయో కొరియా ఈ మెట్ల వరసను విడమరిచి చెప్పాడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏళ్లు, దశాబ్దాలు పట్టవచ్చు. అందరూ చివరి మెట్టు దాకా వెళ్లరు కూడా.

2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 9 లక్షల 70 వేల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చినట్టు అంచనా. అందులో మూడో వంతుకు మించి చైనాలోనే. ఆ దేశంలో ఆపరేషన్, కీమో ఒకవైపు నడుస్తుండగానే, మరోవైపు అదే ఆస్పత్రిలో మూలికల కషాయం రాసివ్వడం మామూలు విషయం. ప్రభుత్వమే సంప్రదాయ వైద్య విశ్వవిద్యాలయాలను నడుపుతోంది. కాబట్టి ఈ మందులు పనిచేస్తాయా లేదా అన్నది అక్కడ లక్షల మంది రోజూ తాగుతున్న గ్లాసుకు సంబంధించిన ప్రశ్న.

సంప్రదాయ వైద్యుడు ఈ రోగిని చూసే పద్ధతి వేరు. ట్యూమర్ ఎంత ఉంది, ఎక్కడుంది అన్నదానికన్నా రోగి నాలుక రంగు, దానిమీది పూత, మణికట్టు దగ్గర నాడి, ఆకలి, నీరసం చూస్తాడు. ప్లీహం బలహీనపడిందనో, రక్తం నిలిచిపోయిందనో, వేడి చేరిందనో తేలుస్తాడు. ఆ ప్లీహం మన శరీరశాస్త్రం చెప్పే ప్లీహం కాదు, అరుగుదల శక్తి అంతటికీ కలిపి పెట్టిన పేరు అనుకోవచ్చు. వాత పిత్త కఫాల మాట వింటూ పెరిగిన మనకు ఈ ఆలోచన మరీ కొత్తేమీ కాదు. ఒకే క్యాన్సర్ ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు కషాయాలు రాయడం, ఒకే రోగికి రెండు వారాల తర్వాత దినుసులు మార్చడం అక్కడ సహజం. ఒక్కో కషాయంలో పది, పన్నెండు దినుసులుంటాయి. ఒక్కో దినుసులో వందల రసాయనాలు.

ఇంత కలగాపులగాన్ని ప్రయోగశాలకు ఎలా తేవాలి? చాలామంది ఎంచుకున్న దారి, మూలిక నుంచి ఒక రసాయనాన్ని వేరుచేసి గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోయడం. కణాలు చచ్చిపోతే "ఫలానా మూలిక కడుపు క్యాన్సర్ కణాలను చంపుతుంది" అని వ్యాసం తయారవుతుంది. ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. వీటితో రెండు పెద్ద చిక్కులున్నాయి.

మొదటిది మోతాదు. కాప్టిస్ అనే చేదు వేరులో ఉండే బెర్బెరిన్‌నే తీసుకుందాం. మన దగ్గర మానుపసుపులో ఉండే పసుపుపచ్చ పదార్థమూ ఇదే. నోటి ద్వారా తీసుకుంటే దీనిలో ఒక శాతం కూడా సరిగ్గా రక్తంలోకి చేరదు. మనిషి రక్తంలో కనిపించే మోతాదుతో పోలిస్తే పళ్లెంలో వాడే మోతాదు వేల రెట్లు ఎక్కువ. ఆ మోతాదులో చాలా పదార్థాలు కణాలను చంపుతాయి. అది మందు గొప్పతనం అనిపించుకోదు.

రెండోది ఇంకా బాధ కలిగించే విషయం. చైనా మూలికల వ్యాసాల్లో కడుపు క్యాన్సర్ కణాలుగా పదే పదే కనిపించే పేర్లు ఎస్‌జీసీ-7901, బీజీసీ-823, ఎంజీసీ-803. ఎక్కడి కణం ఏ మనిషిదో తేల్చే డీఎన్‌ఏ పరీక్షలు చేసి చూస్తే, ఇవి కడుపు క్యాన్సర్ కణాలే కావని తేలింది. ఇవి హీలా కణాలు. అంటే 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో చనిపోయిన హెన్రియెటా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన కణాలు. అవి ఎంత మొండిగా పెరుగుతాయంటే, ల్యాబ్‌లో పక్క సీసాలో ఒక్క కణం పడినా కొన్నాళ్లకు సీసా మొత్తం వాటిదే అవుతుంది. ఎప్పుడో ఎక్కడో జరిగిన ఆ కలుషితం, సీసా చేతులు మారే కొద్దీ దేశమంతా పాకింది. ఏళ్ల తరబడి ఎందరో విద్యార్థులు తమ కష్టమంతా ధారపోసి రాసిన కడుపు క్యాన్సర్ వ్యాసాలు నిజానికి మరో అవయవం, మరో ఖండం, మరో మనిషి గురించి చెబుతున్నాయి. ఈ సంగతి కలుషితమైన కణాల జాబితాల్లో నమోదైన తర్వాత కూడా అవే పేర్లతో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. కణాల గుర్తింపు పరీక్షకు పెద్ద ఖర్చు కాదు, కొద్ది రోజుల పని. అది చేయని వ్యాసాన్ని పత్రికలు తిప్పి పంపాల్సిందే.

ఇటీవల మరో దారి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక కషాయం పేరు చెబితే అందులోని రసాయనాలేమిటి, అవి శరీరంలో ఏ ప్రోటీన్లను తాకవచ్చు, ఆ ప్రోటీన్లలో కడుపు క్యాన్సర్‌తో సంబంధం ఉన్నవేవి అని కంప్యూటర్ డేటాబేసుల్లో వెతికి వల లాంటి బొమ్మ గీస్తారు. దీన్ని నెట్‌వర్క్ ఫార్మకాలజీ అంటారు. ఒక జబ్బుకు ఒకే మీట, ఒక మందుకు ఒకే తాళం అనే పద్ధతి క్యాన్సర్‌లో తరచూ విఫలమవుతుంది కాబట్టి, పది రసాయనాలు కొద్దికొద్దిగా పది చోట్ల పనిచేస్తాయేమో చూద్దాం అన్న ఆలోచనలో తప్పు లేదు. బహుళ దినుసుల కషాయానికి ఇది సహజంగా సరిపోయే ఆలోచన కూడా.

ఆచరణలో జరుగుతున్నది వేరు. 2014లో వచ్చిన ఒక ప్రసిద్ధ డేటాబేసులో 499 మూలికల వివరాలున్నాయి. అందులో ముందే పెట్టుకున్న రెండు కొలతల జల్లెడతో రసాయనాలను ఏరడం రివాజు. ఏ కషాయం పేరిచ్చినా చివరికి తేలేవి క్వెర్సెటిన్, కాంఫెరాల్, బీటా సిటోస్టెరాల్. ఏ కూరలో వెతికినా ఉప్పు దొరికినట్టు ఇవి దాదాపు ప్రతి మొక్కలోనూ ఉంటాయి. క్వెర్సెటిన్ మన ఉల్లిపాయలో దండిగా ఉంది. అవి తాకే ప్రోటీన్లుగా తేలేవీ ఎప్పుడూ అవే నాలుగైదు, అన్ని క్యాన్సర్లలోనూ అందరూ చదివినవి. ఎక్కువ చదివిన ప్రోటీన్‌కు డేటాబేసులో ఎక్కువ గీతలుంటాయి, ఎక్కువ గీతలున్నది బొమ్మ మధ్యలోకి వస్తుంది. ఆ బొమ్మలో మోతాదు లేదు, రసాయనం కడుపులో బతికి రక్తంలోకి చేరిందా అన్నది లేదు, ప్రోటీన్‌ను ఆపుతోందా రెచ్చగొడుతోందా అన్నది కూడా లేదు. ఈ పద్ధతి ఏ కషాయానికీ "పనిచేయదు" అని చెప్పిన దాఖలా వెతకడం చాలా కష్టం. ఎప్పుడూ అవుననే చెప్పే పరీక్షను పరీక్ష అనలేం.

ఇదే రంగంలో మంచి పని ఎలా ఉంటుందో కూడా ఉంది. బీజింగ్‌లోని సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో లీ షావో బృందం 2019లో ఒక వ్యాసం వెలువరించింది. మామూలు వాపు, పొర పలచబడటం, పేగు పొరలా మారడం, తొలి దశ క్యాన్సర్: ఈ నాలుగు మెట్లలో ఉన్న 9 మంది రోగుల నుంచి ఎండోస్కోపీలో తీసిన 13 చిన్న ముక్కలను కణం కణంగా విడదీశారు. 32 వేలకు పైగా కణాల్లో ఒక్కోదానిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివారు. ఏ మెట్టు దగ్గర ఏ కణం దారి తప్పుతోందో మ్యాప్ తయారైంది. ఇందులో మూలిక ఏదీ లేదు. కానీ రేపు ఎవరైనా ఫలానా కషాయం పొరను బాగుచేస్తోందని అంటే, బాగుపడింది ఏ కణమో చూపించమని అడగడానికి ఇలాంటి మ్యాప్ కావాలి. ఈ క్యాన్సర్ ఒకే జబ్బు కాదని 2014లోనే అమెరికా జన్యు పరిశోధన 295 ట్యూమర్లను చదివి నాలుగు రకాలుగా విడగొట్టి చెప్పింది. "కడుపు క్యాన్సర్‌కు మూలిక" అనే మాట చెప్పేవాళ్లు, ఏ రకానికి, ఏ దశలో అన్నది కూడా చెప్పాలి.

ఇక మనుషుల మీద జరిగిన ట్రయల్స్. ముదిరిన కడుపు క్యాన్సర్‌కు మూలికల మీద, వైద్య ఆధారాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2013లో తెచ్చిన సమీక్ష 85 ట్రయల్స్‌ను, 6,800 మందికి పైగా రోగుల వివరాలను జల్లించింది. కొన్నిట్లో కీమోతో కలిపి ఇస్తే లాభం ఉన్నట్టు కనిపించినా, ట్రయల్స్ నాణ్యత బలహీనంగా ఉండటం వల్ల నమ్మదగ్గ నిర్ణయానికి రాలేమని తేల్చింది. నాణ్యత అంటే ఏమిటో ఇంకో అధ్యయనం చూపిస్తుంది. 20 సాధారణ జబ్బుల మీద చైనా పత్రికల్లో లాటరీ పద్ధతిలో చేశామని చెప్పుకున్న 3,137 ట్రయల్స్‌ను పరిశోధకులు ఏరారు. వాటిలో 2,235 ట్రయల్స్ రచయితలకు ఫోన్ చేసి, "రోగులను రెండు గుంపులుగా ఎలా విడగొట్టారు?" అని అడిగారు. నిజంగా లాటరీ పద్ధతి పాటించినవి 207 మాత్రమేనని 2009లో ప్రకటించారు. మిగతావాళ్లలో చాలామందికి ఆ మాటకు అర్థమే తెలియదు. ఈ ఏరినవాటిలో ఆధునిక మందుల ట్రయల్స్ కూడా దాదాపు సగం ఉన్నాయి కాబట్టి, దీన్ని సంప్రదాయ వైద్యం ఒక్కదాని లోపంగా చూడటం న్యాయం కాదు. ఆ తప్పును బయటపెట్టినవాళ్లూ చైనా పరిశోధకులే.

"మా వైద్యం మనిషి మనిషికీ మారుతుంది, దాన్ని మీ ట్రయల్‌లో ఇరికించలేరు" అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఇరికించవచ్చని 1998లోనే ఆస్ట్రేలియాలో చేసి చూపించారు. జబ్బు క్యాన్సర్ కాదు, పేగు ఇబ్బందికి సంబంధించిన ఐబీఎస్. 116 మంది రోగులను చైనా వైద్యులు తమ పద్ధతిలోనే చూసి ఎవరికి తగ్గ మందు వాళ్లకు రాశారు. మందుల గదిలో మాత్రం ఒక గుంపుకు ఆ రాసిన మందే, రెండో గుంపుకు అందరికీ ఒకే రకమైన కషాయం, మూడో గుంపుకు ఉత్తుత్తిది ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో వైద్యుడికీ తెలియదు, రోగికీ తెలియదు. అసలు మందు తీసుకున్న రెండు గుంపులూ ఉత్తుత్తి గుంపు కంటే మెరుగుపడ్డాయి. కోర్సు ఆపిన 14 వారాల తర్వాత చూస్తే, మనిషికి తగ్గట్టు రాసిన గుంపులోనే ఆ మెరుగు నిలిచింది. సంప్రదాయ వైద్యుల వాదనకు బలమిచ్చే ఫలితమే కదా ఇది! పరీక్షకు ఒప్పుకుంటేనే ఆ బలం దక్కింది. కడుపు క్యాన్సర్ రోగుల్లో ఇలాంటివి పెద్ద ఎత్తున జరగాలి.

నోబెల్ పొందిన చైనా శాస్త్రవేత్త తూ యూయూ పేరు ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. పాత గ్రంథంలో ఒక వాక్యం పట్టుకుని ఆమె మలేరియాకు ఆర్టెమిసినిన్ కనుక్కున్న మాట నిజం. కానీ మలేరియాలో మందు పనిచేసిందా లేదా అన్నది రక్తపు చుక్కలో రోజుల్లో తేలిపోతుంది. కడుపు క్యాన్సర్‌లో లిన్‌చూ వెల్లుల్లికి 22 ఏళ్లు పట్టింది. క్యాన్సర్‌కు దగ్గర ఉదాహరణ పాషాణానిది, అంటే ఆర్సెనిక్‌ది. 1970ల్లో హార్బిన్ నగరంలో చాంగ్ టింగ్‌డాంగ్ బృందం, పల్లె వైద్యంలో వాడుతున్న ఒక మిశ్రమాన్ని పరీక్షించింది. అందులో పాషాణం, పాదరస లవణం, కప్ప విషం ఉండేవి. ఒక్కోటీ తీసేసి చూస్తే, ఒక రకం రక్త క్యాన్సర్‌లో పనిచేస్తున్నది పాషాణం ఒక్కటేనని తేలింది. 1990ల్లో షాంఘైలో చెన్ జు బృందం అది ఏ ప్రోటీన్‌ను విరగ్గొడుతోందో చెప్పింది. 2000లో అమెరికా అనుమతి వచ్చింది. మిశ్రమంలోని మిగతా రెండూ బయటికి వెళ్లిపోయాయి. సంప్రదాయాన్ని గౌరవించడం అంటే అందులో ఉన్నదంతా ఉంచడం అని వాళ్లు అనుకోలేదు.

కడుపు క్యాన్సర్‌కే నేరుగా సంబంధించిన కథ ఒక చెట్టుది. చైనాలో "ఆనంద వృక్షం" అని పిలిచే చెట్టు నుంచి 1966లో అమెరికాలో మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. చెట్టు చైనాదే అయినా మందు బయటపడింది పాత గ్రంథం నుంచి కాదు, వేల మొక్కలను వరసపెట్టి జల్లించిన కార్యక్రమంలో. మొదటి ట్రయల్స్‌లో విషప్రభావం భరించలేక 1970ల్లో ఆపేశారు. తర్వాత జపాన్‌లో దాన్ని మార్చి ఇరినోటెకాన్ తయారుచేశారు. ఇప్పుడు మొదటి కీమో పనిచేయని కడుపు క్యాన్సర్ రోగులకు ఇచ్చే మందుల్లో అదొకటి. కాంప్టోథెసిన్ మన పశ్చిమ కనుమల్లో పెరిగే ఒక చిన్న చెట్టులో కూడా ఉంది.

ఇరినోటెకాన్‌తో పెద్ద బాధ విరేచనాలు. లివర్ ఆ మందును నిర్వీర్యం చేసి పేగులోకి పంపుతుంది, పేగులోని బ్యాక్టీరియా ఎంజైమ్ దాన్ని మళ్లీ విషంగా మారుస్తుంది, పేగు పొర ఊడిపోతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో యుంగ్-చి చెంగ్ బృందం దీనికి దాదాపు 1,800 ఏళ్ల నాటి ఒక కషాయాన్ని తీసుకుంది. అందులో నాలుగే దినుసులు: స్కల్‌క్యాప్ వేరు, పియోనీ వేరు, అతిమధురం, రేగు జాతి ఎండు పండు. ఆ కషాయం ఆనాటి నుంచీ విరేచనాలకే మందు. 2010లో వాళ్లు ఎలుకల్లో చూపించింది ఇది: ఆ కషాయం ఇస్తే కీమో దెబ్బ తిన్న పేగు పొర త్వరగా కోలుకుంటుంది, వాపు తగ్గుతుంది, ట్యూమర్ మీద కీమో ప్రభావం మాత్రం తగ్గదు. బలమైన ఆధారం ఇప్పటికీ ఎలుకల్లోనిదే, మనుషుల్లో జరిగినవి చిన్న ట్రయల్స్. అయినా ఈ పనిలో రెండు విషయాలు మెచ్చుకోదగ్గవి. ఒకటి, ప్రతి బ్యాచ్ కషాయానికీ రసాయనాల వేలిముద్ర తీసి, కణాల్లో దాని ప్రభావాన్ని కూడా సరిపోల్చి, ముందటి బ్యాచ్‌తో కలవకపోతే పక్కన పెట్టారు. నేల మారితే, కోసిన నెల మారితే వేరు మారుతుంది. ఆ లెక్క లేకుండా చేసిన ట్రయల్ ఏ మందును పరీక్షించిందో చెప్పలేం. రెండోది, కషాయం క్యాన్సర్‌ను చంపుతుందని వాళ్లు ఎక్కడా అనలేదు.

ఈ రెండో విషయమే ఈ మొత్తం రంగంలో ఎక్కువ ఆశ ఉన్న చోటును చూపిస్తుంది. కడుపు ఆపరేషన్ అయిన రోగిని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, ట్యూమర్ పోయాక మొదలయ్యే కష్టం తిండిది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది, ఆకలి అనేదే ఉండదు, మనిషి నెలల్లో చిక్కి సగమవుతాడు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కడుపులోనే. కడుపు తీసేస్తే అదీ తగ్గిపోతుంది. చైనాలో పుట్టి జపాన్ చేరిన రిక్కున్‌షితో అనే ఎనిమిది దినుసుల మందు మీద అక్కడ చాలా పని జరిగింది. 2008లో ఒక బృందం, కీమో మందు ఇచ్చిన ఎలుకల్లో గ్రెలిన్ పడిపోవడాన్ని ఈ మందు అడ్డుకుంటోందని, అందుకు ఇందులోని నారింజ జాతి తొక్క నుంచి వచ్చే పదార్థాల వంటివి కారణమని చూపించింది. ఆపరేషన్ అయిన రోగుల్లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో ఆకలి మెరుగుపడింది. "ప్లీహాన్ని బలపరుస్తుంది" అని పాతవాళ్లు అన్నదానికీ, ఆకలి హార్మోన్‌కూ ఇక్కడ ఒక వంతెన కనిపిస్తోంది. ట్యూమర్ ఒక సెంటీమీటర్ తగ్గిందా అని వెతకడం కన్నా, రోగి రెండు కిలోలు కోలుకుని తర్వాతి కీమోకు నిలబడ్డాడా అని వెతకడం ఈ మందుల విషయంలో సరైన ప్రశ్న.

ఇంకో మంచి చోటు, జబ్బు మొదటి మెట్లు. ముందు చెప్పుకున్న బెర్బెరిన్ రక్తంలోకి చేరదు, నిజమే. హెలికోబాక్టర్ ఉండేది రక్తంలో కాదు, కడుపు గోడ మీదే. యాంటీబయాటిక్స్‌తో కలిపి ఇచ్చే బిస్మత్ అనే లోహపు మందు బదులు బెర్బెరిన్ పెట్టి, 600 మందికి పైగా రోగులతో చైనాలో చేసిన ట్రయల్‌లో రెండు కోర్సులూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. యాంటీబయాటిక్ నిరోధకత పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. పొర చెడటం మొదలైన రోగులకు మోలువోడాన్ అనే మిశ్రమ మందును ఫోలిక్ యాసిడ్‌తో పోల్చిన ట్రయల్ కూడా జరిగింది. మోలువోడాన్ వైపు కొంత మొగ్గు కనిపించినా తేడా స్పష్టంగా తేలలేదు. ఎండోస్కోపీలో పక్క చోట ముక్క తీస్తేనే రిపోర్టు మారిపోయే జబ్బు ఇది. పెద్ద సంఖ్య, ఎక్కువ కాలం లేకుండా ఇక్కడ ఏదీ తేలదు.

"మూలికే కదా, పనిచేయకపోయినా నష్టమేముంది" అనే మాట మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. 1990ల మొదట్లో బెల్జియంలోని ఒక క్లినిక్‌లో సన్నబడటానికి చైనా మూలికల మాత్రలు వాడిన మహిళల్లో వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక మూలిక బదులు దాదాపు అదే పేరున్న మరో మూలిక, అరిస్టొలోకియా జాతిది, అందులో కలిసింది. ఆ జాతి మొక్కల్లోని అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేయడమే కాదు, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. అది డీఎన్‌ఏలో వదిలే గుర్తు ఎంత ప్రత్యేకమంటే, ట్యూమర్‌ను చదివి ఆ రోగి ఎప్పుడో ఈ మూలిక తిన్నాడని చెప్పేయవచ్చు. తైవాన్‌లో 98 లివర్ క్యాన్సర్లను చదివితే 78 శాతంలో ఆ గుర్తు కనిపించిందని 2017లో వెల్లడైంది. మన నాటు వైద్యంలో వాడే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఈ జాతివే. పాము కాటుకని, కడుపులో పురుగులకని వాటిని ఇప్పటికీ ఇచ్చేవాళ్లున్నారు. వీటిని లోపలికి తీసుకోకూడదని పల్లెల్లో గట్టిగా చెప్పాల్సిన బాధ్యత ఆయుష్ డాక్టర్లది, ప్రభుత్వ వైద్యులది.

విషం లేని మూలికతోనూ కీమో సమయంలో జాగ్రత్త అవసరం. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే యూరప్ మూలికను ఇరినోటెకాన్‌తో పాటు తీసుకున్న రోగుల్లో, ఆ కీమో అసలు పనిచేసే రూపం రక్తంలో 42 శాతం పడిపోయిందని 2002లో ఒక చిన్న అధ్యయనం చూపించింది. రోగికి ఒళ్లు తేలిగ్గానే ఉంటుంది, ఎందుకంటే మందు పనిచేయడం తగ్గింది. అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. కీమో విరేచనాలతో అప్పటికే పొటాషియం తగ్గిన మనిషికి అది గుండె దాకా వెళ్లే సమస్య. తెలుగు ఇళ్లలో కీమో నడుస్తుండగా ఎవరో చెప్పారని పొడి, ఎక్కడి నుంచో తెప్పించిన కషాయం వాడటం, డాక్టరు తిడతారన్న టెన్షన్‌తో చెప్పకుండా దాచడం కొత్త కాదు. అడగ్గానే కసురుకునే డాక్టర్లు కూడా ఈ దాపరికానికి కొంత కారణం. తర్వాతి రక్తపరీక్షలో లివర్ ఎంజైములు పెరిగి ఉంటే, కీమో డోసు తగ్గించాలా, ఇంట్లో వాడుతున్నది ఆపించాలా అని డాక్టరు ఆ పూటే నిర్ణయించాలి. సీసా మీది లేబుల్ ఫోటో, ఎప్పటి నుంచి, రోజుకు ఎంత అన్న వివరాలు చేతిలో ఉంటేనే ఆ నిర్ణయం సరిగ్గా జరుగుతుంది.